మడతమ్మ

మా తోడికోడలితో కలిసి బట్టల కొట్టుకి వెళ్లడమంత శిక్ష ఇంకోటి లేదు. ఒక్కసారి వెళ్లాను, చెంపలేసుకున్నాను. నాకు కావలసింది మా ఆయనకి ఓ మామూలు చొక్కా. ఆవిడ గుమ్మం లోపల అడుగుపెట్టి అక్కడే స్తంభంలా నిలబడిపోయింది. చెయ్యి పట్టుకుని లాగితే కదలదు.

"ఉండవే. వాళ్లు ముందు పలకరించాలి."

"వాళ్లు పలకరించకపోతే మనమే పలకరిద్దాం. నోరేమైనా అరిగిపోతుందా?"

ఆ మాటకి నన్ను పురుగుని చూసినట్టు చూసింది. చివరికి చొక్కా కొనకుండానే ఇంటికొచ్చాం. దారి పొడుగునా అద్దం మీద వేలిముద్రలూ, మెట్ల మూల దుమ్మూ, బిల్లు కొట్టేవాడి చిట్లించిన మొహమూ, అన్నీ నా చెవిలో పోసింది. ఆవేళ ఆవిడకి డ్యూటీ కూడా లేదు. ఊరికే, అలవాటు కొద్దీ.

ఆవిడ ఉద్యోగమే అది. మా బావగారి భార్య, నేను అక్కా అంటాను. మిస్టరీ షాపర్ అని ఆ పనికి పేరు. బట్టల షాపుల యజమానులకి తమ షాపుల్లో కొనేవాళ్లకి మర్యాద జరుగుతోందో లేదో తెలుసుకోవాలని ఉంటుంది. వాళ్లే వెళ్లి నిలబడితే అందరూ వంగి వంగి దణ్ణాలు పెడతారు కాబట్టి తెలియదు. అందుకని ఓ కంపెనీని పెట్టుకుంటారు. ఆ కంపెనీ మా అక్కలాంటి వాళ్లని మామూలు మనుషుల్లాగా లోపలికి పంపుతుంది. ఆవిడ వెళ్లాలి, బట్టలు చూడాలి, తొడుక్కోవాలి, ఒకటి కొనాలి, మర్నాడు దాన్ని తీసుకెళ్లి నచ్చలేదని తిరిగివ్వాలి. ఈ రెండుసార్లూ ఎవరెలా మాట్లాడారో, ఎవరు మొహం తిప్పుకున్నారో కంపెనీకి రాసి పంపాలి. ఆవిడెవరో షాపులో ఏ ఒక్కరికీ తెలియకూడదు. తెలిసిన రోజున ఉద్యోగం ఊడినట్టే.

ఆ ఒక్క షరతు కింద ఇంటిల్లిపాదీ నలిగిపోయాం. ఓసారి బజార్లో రెండు చేతులా కూరల సంచులతో వస్తూ, ఎదురుగా అక్క కనిపిస్తే ఆశగా పిలిచాను, ఒక సంచి అందుకుంటుందని. నా మీదుగా చూపు పోనిచ్చి, నేను దీపస్తంభాన్నో ఏదోనన్నట్టు పక్కనుంచి వెళ్లిపోయింది. ఇంటికొచ్చాక అడిగితే "అప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను" అంది. నా వేళ్లు సంచుల తాళ్లకి కోసుకుపోయి ఎర్రగా ఉన్నాయి. అవి చూపించాను. "వేడినీళ్లలో పెట్టు" అని సలహా ఇచ్చింది మహాతల్లి.

మా అత్తయ్య బాధ వేరు. వారానికో కొత్త బట్ట ఇంట్లోకి వస్తుంది, ఎవరికీ దక్కదు. ఓ చలికాలం మెత్తటి ఊదారంగు శాలువా వచ్చింది. ఆవిడ ముచ్చటపడి భుజాన వేసుకుని కూర్చుంటే, అక్క వెనకనించి వచ్చి, ధర చీటీ నలిగితే షాపువాళ్లు వెనక్కి తీసుకోరని మెల్లగా లాగేసుకుంది.

"ఈ ఇంటికి బట్టలు కూడా చుట్టపుచూపుగానే వస్తాయమ్మా" అంది అత్తయ్య. మూడు రోజులు పెద్దకోడలితో ముక్తసరిగానే మాట్లాడింది.

ఇంత తిట్టుకున్నా, పని విషయంలో మాత్రం అక్కకి వంక పెట్టలేం. అందరూ రోజంతా తిరిగి చేసే పని ఆవిడ మధ్యాహ్నానికి ముగించేది. షాపులన్నీ ఒకే దారిలో వచ్చేలా ముందురోజే అనుకునేది. ఇలా తొడిగి అలా విడిచెయ్యగలిగే చెప్పులు, ముందు బొత్తాలుండే పైతొడుగు, ట్రయల్ రూమ్‌లో విప్పడానికీ వేసుకోవడానికీ వీలుగా. చేతిలో ఒకే సంచి. కొత్త సరుకు దిగే రోజు ఏ షాపులో ఏదో, మధ్యాహ్నం పనివాళ్లు మారే వేళ ఏదో, ఏ మేనేజరు ఎప్పుడు టీకి పోతాడో ఆవిడకి కంఠతా వచ్చు. మేనేజరు లేనప్పుడు వెళ్తేనే షాపు అసలు రంగు తెలుస్తుందనేది.

కాగితం తీసి రాసుకుంటే దొరికిపోతుంది కదా, అందుకని నాకు ఫోను చేసేది. నేను పళ్ల డాక్టరు దగ్గర ముందు గదిలో కూర్చుని, వచ్చేవాళ్లని వరసలో లోపలికి పంపుతుంటాను. దవడలు పట్టుకుని మూలిగే జనం మధ్య నా ఫోను మోగేది. "చిన్నత్త కులాసాగా ఉందే. పెద్దత్త అసలు పలకలేదు. మామయ్యకి ఉక్కపోత" అనేది. అంటే బిల్లు కౌంటరులో బాగా మాట్లాడారు, గుమ్మం దగ్గర ఎవరూ పలకరించలేదు, లోపల గాలి ఆడటం లేదు. నేను ఓ చీటీ మీద రాసిపెట్టాలి, సాయంత్రం ఆవిడ రిపోర్టులో పెట్టుకోవాలి. ఒకరోజు పొరపాటున నా ఫోను మా ఆయన ఆఫీసుకి పట్టుకెళ్లి, మోగితే ఎత్తాడు. "అత్తయ్య పడిపోయింది" అని వినగానే ఆఫీసు వదిలి ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. వాళ్లమ్మ నిక్షేపంగా కాళ్లు చాపుకుని టీ తాగుతోంది. పడిపోయింది షాపులో బొమ్మకి తగిలించిన బోర్డు. ఆ రోజు నించి ఇంట్లో ఎవరూ అక్క ఫోను ఎత్తరు, నేను తప్ప.

అంత తంటాలు పడి ఎందుకు చేసేదంటే, ఆవిడకి వేరే లోకం తెలియదు. పెళ్లికి ముందు నించీ బట్టల షాపులోనే, కౌంటరు వెనకాల. కూర్చోనిచ్చేవారు కాదు. షాపు ఖాళీగా ఉన్నా నించునే ఉండాలి, ఎవరైనా వస్తే పని లేక కూర్చున్నట్టు కనిపించకూడదని. మోకాళ్లు అరిగిపోయి, ఇక నించోలేనని మానేసింది. ఏడాది ఇంట్లో ఉండి పిచ్చెక్కింది. అప్పుడు ఈ పని దొరికింది. మొదటిరోజు వెళ్లొచ్చి, "గుమ్మంలో నించి లోపలికి నడిచానే. వెనక తలుపు నించి కాదు" అని చెప్పింది. చిన్నపిల్లలా నవ్వింది.

కానీ మోకాళ్లు మాత్రం అవే కదా. ఇదీ తిరుగుడు పనే. సాయంత్రం ఇంటికొచ్చి పాదాలు బకెట్లో పెట్టుకుని కూర్చునేది. ఈ మధ్య కంపెనీ వాళ్లు ఓ మాట చెప్పారు. కొత్తగా చేరేవాళ్లకి పని నేర్పడానికి ఆఫీసులో ఒక మనిషి కావాలి, మీ రిపోర్టులు బాగుంటాయి, మిమ్మల్నే అనుకుంటున్నాం అని. ఆఫీసు, బల్ల, కుర్చీ. ఆ మాట చెప్పిన దగ్గరనించీ ఆవిడ కుర్చీ జపమే. చక్రాల కుర్చీయా, మామూలుదా? వీపుకి ఆనుతుందా? నాకు నవ్వొచ్చేది, జాలీ వేసేది. మనిషి జీవితంలో కూర్చోవడం కోసం ఇంత ఎదురుచూడాలా అని ఒళ్లు మండేది కూడా.

ఆ కుర్చీ ఖాయం చేసే ముందు కంపెనీ పాత రిపోర్టులన్నీ తిరగేసింది. బజారు వీధిలో మూడంతస్తుల పెద్ద షాపు ఒకటుంది. దానికి అక్క ఎప్పుడు చూసినా అన్నింట్లోనూ పూర్తి మార్కులు వేసింది. అనుమానం వచ్చి, కంపెనీ వాళ్లు వేరే మనిషిని అదే షాపుకి పంపారు. ఆ మనిషిని ఎవరూ పలకరించలేదట. సైజు అడిగితే "అక్కడున్నవే చూసుకోండి" అన్నారట. ట్రయల్ రూమ్ దగ్గర అమ్మాయి గొణిగిందట.

ఈ సంగతి కంపెనీ ఆఫీసరు ఫోను చేసి చెప్పాడు. నేను ఆయనకి ఇస్త్రీ బాబు అని పేరు పెట్టాను. మాట కూడా చొక్కాలాగే ముడత లేకుండా ఉంటుంది.

"మేడమ్, మేం మిమ్మల్ని అనడం లేదు. కానీ రెండే దారులు కదా. మీరు షాపుకి వెళ్లకుండా ఇంట్లో కూర్చుని రాయాలి..."

"బిల్లులు పంపాను కదండీ! కొన్నదీ, తిరిగిచ్చిందీ!"

"అదే నేనూ అంటున్నాను. వెళ్లారు. అంటే రెండోది. మీరెవరో వాళ్లకి తెలిసిపోయి ఉండాలి."

వచ్చే వారం తనే వస్తానన్నాడు. ఆవిడ ఆ షాపుకి వెళ్లాలి, ఆయన దూరం నించి చూస్తాడు. వాళ్లెవరూ గుర్తుపట్టకపోతే కుర్చీ. గుర్తుపడితే కుర్చీ లేదు, ఉన్న పనీ లేదు.

ఫోను పెట్టేశాక అక్క వంటింట్లోకి వెళ్లి, కడిగిన గిన్నెలన్నీ మళ్లీ కడిగింది. "నేను అబద్ధం రాశానా? నా కళ్లతో చూసిందే రాశాను. నాకు ఎవరు చెప్పారు, ఎవరికి తెలిసింది?" అని గోడలతో పోట్లాడింది. బావగారు ఏదో ఓదార్చబోతే ఆయన మీద విరుచుకుపడింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నాలుగేళ్లు చీటీలు రాసిన దాన్ని, అవి అబద్ధాలంటే నాకూ తగలదా? డాక్టరుకి పంటినొప్పి అని చెప్పి సెలవు పెట్టి, నేనే ఆ షాపుకి వెళ్లాను.

ఆ కొత్త మనిషి రాసింది అక్షరాలా నిజం. నేను వచ్చినట్టు ఎవరికీ తెలియదు. ఓ అబ్బాయి నా భుజం మీదుగా చూస్తూ ఇంకో అబ్బాయితో కబుర్లు చెబుతున్నాడు. పై అంతస్తుకి వెళ్లి ఓ నాలుగు గౌనులు చేతిమీద వేసుకుని ట్రయల్ రూమ్ వైపు నడిచాను. అక్కడున్న అమ్మాయి నా వైపు చూడకుండానే తలుపు చూపించింది. నాలుగూ తొడిగి చూశాను, ఒక్కటీ నప్పలేదు. విప్పినవి విప్పినట్టే బల్ల మీద పడేసి బయటికొచ్చాను. అందరం చేసేది అదే కదా.

ఆ అమ్మాయి లోపలికి తొంగిచూసి, పక్కనున్న పెద్దావిడతో నా వెనకాలే అంది, "చూశావా అక్కా కుప్ప. మడతమ్మ వచ్చి ఎన్నాళ్లయింది!"

ఏదో అనుమానం వచ్చి ఆగాను. వెనక్కి తిరిగి, ఏమీ తెలియనిదానిలా "మడతమ్మ ఎవరమ్మా?" అన్నాను.

ఆ అమ్మాయి నాలిక్కరుచుకుంది. పెద్దావిడే చెప్పింది. "ఒకావిడ వస్తుందండీ. ఏం తొడుక్కున్నా, బొత్తాలు పెట్టేసి, తిరగబడ్డ చేతులు సరిచేసి, హ్యాంగర్ల కొక్కేలన్నీ ఒకే పక్కకి తిప్పి మా చేతికిస్తుంది. ఇన్నేళ్లలో అలాంటి మనిషిని చూళ్లేదు. ఆవిడ కనిపిస్తే చాలు, మేం ఒకళ్లమీద ఒకళ్లం పడి వెళ్తాం."

"ఎవరావిడ? ఏం చేస్తుంది?"

"ఏమో అండీ. ఎవరైతే మాకేం."

అది అక్క తప్ప ఇంకెవరూ కాదు. మెట్లు దిగుతుంటే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. వాళ్లకి అక్క ఉద్యోగం గురించి ఆవగింజంత తెలియదు. కంపెనీ సంగతి తెలియదు, మార్కుల సంగతి తెలియదు. ఆవిడ బట్టలు మడతపెడుతుంది, వాళ్లు ఆవిడకి మర్యాద చేస్తున్నారు. అంతే.

ఇంటికొచ్చి ఒక్క ఊపిరిలో చెప్పాను. అక్క మంచం మీద కూర్చుని విన్నది. తన చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంది.

"నేను మడతపెడుతున్నానా?" అంది.

"నీకు తెలియదా?"

"లేదే. చూసుకోలేదు. రాత్రి షాపు మూశాక ఆ కుప్ప అంతా సర్దితేగాని ఇంటికి వెళ్లనివ్వరే. అందరూ వెళ్లిపోయాక కూడా ట్రయల్ రూమ్ వాళ్లు నించునే ఉంటారు. చేతులు వాటంతటవే..." అని ఆగిపోయింది. చేతులు ఒళ్లోంచి తీసేసి, "అయితే నేను రాసిందంతా తప్పేనన్నమాట" అంది.

"తప్పెలా అవుతుంది? జరిగిందే రాశావు కదా."

"నాకు జరిగింది రాశాను. షాపులో జరిగేది రాయలేదు. నీ మొహం ఎవరైనా చూశారా ఇవాళ?"

చూడలేదన్నాను. అయినా ఊరుకోలేక, ఇదంతా ఆ ఇస్త్రీ బాబుకి చెప్పెయ్యమన్నాను. వాళ్లు నిన్ను ఇన్‌స్పెక్టరుగా గుర్తుపట్టలేదు, మంచిదానిగా గుర్తుపట్టారు, అందులో తప్పేముంది అన్నాను.

"గుర్తుపడతారని నా నోటితో నేనే చెప్పనా? కుర్చీ చేతిదాకా వచ్చింది" అని కయ్యిమంది. "మడతపెట్టడం మానేస్తే సరిపోతుంది. ఎంతసేపు పని? ఈ వారంలో మానేస్తాను."

ఇక మా ఇంట్లో మొదలైంది తమాషా. ఇంత వయసు వచ్చిన మనిషికి బట్టలు ఎలా పడెయ్యాలో నేర్పాం. మా గదిలో దండేనికి దుప్పటి కట్టి దాన్ని ట్రయల్ రూమ్ అనుకున్నాం. అత్తయ్య కుర్చీలో కూర్చుని షాపమ్మాయి అయింది. అక్క నాలుగు చొక్కాలతో లోపలికి వెళ్లి, తొడుక్కుని, విప్పి, ఖాళీ చేతులతో బయటికి రావాలి. మొదటిసారి బానే వచ్చిందనుకున్నాం. దుప్పటి తీసి చూస్తే నాలుగు చొక్కాలూ ఇస్త్రీవాడు తెచ్చినట్టు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.

"అక్కా!"

"అయ్యో, చూసుకోలేదే."

రెండోసారి మడతపెట్టలేదు. నేల మీద చక్కగా పరిచి వచ్చింది, చేతులు రెండూ సమానంగా చాపి. పడెయ్యమంటే పడుకోబెట్టి వచ్చావేమిటని నేను నెత్తి కొట్టుకున్నాను.

అత్తయ్య బావగారిని పిలిచింది. "ఒరేయ్, ఓసారి ఇలా రా. నువ్వు ఆఫీసు నించి రాగానే చొక్కా ఎలా విప్పుతావో దీనికి చూపించు."

బావగారు పాపం ఏదో పరీక్షలా నిలబడి, చొక్కా తలమీదుగా లాగి, తిరగబడ్డదాన్ని తిరగబడ్డట్టే విసిరారు. ఒక చెయ్యి మంచం మీద, మిగతాది నేల మీద. మేమందరం చప్పట్లు కొట్టాం. ఇంత గొప్ప గురువుని ఇంట్లో పెట్టుకుని ఇన్నాళ్లూ సాధించానని అక్క కూడా నవ్వింది. ఆ వారంలో ఆవిడ నవ్వింది అప్పుడే. వారం తిరిగేసరికి మాత్రం పని పట్టుబడింది. చొక్కా నేల మీద కుప్పగా వదిలి, వెనక్కి చూడకుండా నడిచి రాగలిగింది. రాత్రి చూస్తే పెదవి కొరుక్కుని కొరుక్కుని చిట్లి ఉంది.

ఆ రోజు రానే వచ్చింది. అక్క జుట్టు వేరేగా దువ్వుకుని, అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని, నా సంచి పట్టుకుంది. నేను ముందే వెళ్లి పై అంతస్తులో మేజోళ్ల దగ్గర చేరాను. ట్రయల్ రూమ్‌కి ఎదురుగా, పెళ్లాల కోసం ఎదురుచూసే మొగుళ్లు కూర్చునే సోఫా ఒకటుంది. ఇస్త్రీ బాబు అందులో ఫోను చూసుకుంటూ కూర్చుని వాళ్లలో కలిసిపోయాడు.

అక్క మెట్లెక్కి వచ్చింది. కింద ఎవరూ పలకరించలేదని మొహం చూడగానే తెలిసిపోయింది. చేటంతైంది. తనని ఎవరూ పట్టించుకోనందుకు అంత సంతోషించిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. మూడు గౌనులు తీసుకుంది. ట్రయల్ రూమ్ అమ్మాయి ముందునించే నడిచి లోపలికి వెళ్లింది. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. నేను చేతిలో మేజోళ్లు పిండేస్తున్నాను.

తలుపు తెరుచుకుంది. అక్క ఖాళీ చేతులతో బయటికొచ్చింది. వెనకాల గదిలో మూడు గౌనులూ నేల మీద, ఒకటి తిరగబడి, ఒకదాని మీద ఒకటి. బావగారికి ఏమాత్రం తీసిపోలేదు. దొంగతనం చేసిన మొహం పెట్టుకుని, తల వంచుకుని నడుస్తోంది. ఇస్త్రీ బాబు తల ఎత్తలేదు. ఇంకో నాలుగడుగులు వేస్తే మెట్లు. అయిపోయింది, గట్టెక్కాం అనుకున్నాను.

ఆ అమ్మాయి గదిలోకి వెళ్లింది. ఓ క్షణం ఆగింది. మరుక్షణం పరుగెత్తుకుంటూ బయటికొచ్చింది.

"అమ్మా! చేతికేమైందమ్మా?"

అక్క నిలబడిపోయింది.

"ఏం... ఏం కాలేదే."

"మరి ఒంట్లో బాలేదా? కళ్లజోడు చూసి ఎవరోననుకున్నాను. లోపలికి వెళ్లేటప్పుడు హ్యాంగర్లన్నీ ఒక పక్కకి తిప్పి పట్టుకున్నారు, అప్పుడు తెలిసింది మీరేనని, పలకరించేలోపే తలుపేసుకున్నారు. డాక్టరు దగ్గరికి వెళ్లారా? రండి, ముందు కూర్చోండి."

బయటికి వచ్చేటప్పుడు ఏం చెయ్యకూడదో వారం రోజులు నేర్పిన మాకు, లోపలికి వెళ్లేటప్పటి సంగతి తోచనే లేదు. ఇస్త్రీ బాబు ఫోను జేబులో పెట్టుకున్నాడు. పెద్దావిడ కూడా వచ్చింది, "ఏమైందమ్మా, ఏమైంది" అంటూ. కింద ఎవరికీ పట్టని మనిషి చుట్టూ ముగ్గురు చేరారు. ఒకరు నీళ్లు తెచ్చారు. సోఫాలో ఓ మొగుడు లేచి చోటిచ్చాడు.

అక్క నా వైపు చూసింది. తర్వాత ఇస్త్రీ బాబు వైపు చూసింది. "చెయ్యి బానే ఉందమ్మా" అని ఆ అమ్మాయికి చెప్పి, కళ్లజోడు తీసి సంచిలో వేసుకుని, తిన్నగా ట్రయల్ రూమ్‌లోకి వెళ్లింది. మోకాళ్లు పట్టుకుని వంగి, నేల మీద గౌనులు ఒక్కొక్కటే తీసింది. తిరగబడ్డది తిరగేసింది, బొత్తాలు పెట్టింది, హ్యాంగర్లకి తగిలించింది. "మీరుండండమ్మా, నేను చేస్తాను కదా" అని ఆ అమ్మాయి అంటూనే ఉంది. అక్క వినిపించుకోలేదు.

షాపు బయట ఇస్త్రీ బాబు మా కోసం నిలబడ్డాడు. ఎంతో మర్యాదగా ఉన్నాడు, అదే నాకు మరీ మండింది.

"మేడమ్, మీ తప్పేం లేదు. నేను కళ్లారా చూశాను కదా. వాళ్లకి మన కంపెనీ సంగతి తెలియదు, మీరు ఎవరికీ చెప్పలేదు. ఆ మాట పైవాళ్లకి రాస్తాను."

"మరి ఇంకేం!" అన్నాను నేను.

"గుర్తుపట్టారు కదండీ. ఎందుకు గుర్తుపడితేనేం. గుర్తుండిపోయే మనిషి ఈ పనికి పనికిరారు."

"ఆఫీసులో కూర్చుని నేర్పడానికేం? షాపులకి వెళ్లక్కర్లేదు కదా!"

ఆయన నిజంగానే బాధపడ్డట్టు నా వైపు చూశాడు. "నేర్పాల్సింది అదేనండీ. ఎవరికీ గుర్తులేకుండా ఎలా వెళ్లి రావాలో."

నేను ఆయన్ని నోటికొచ్చినవన్నీ అన్నాను. ఆ షాపులో నా మొహం చూసిన దిక్కు లేదు, నన్ను పెట్టుకోండి ఆ కుర్చీలో అన్నాను. బట్టలు కుప్పేసి పోయేవాళ్లు కావాలిగానీ సర్దేవాళ్లు మీకెందుకులే అన్నాను. ఆయన అన్నీ విని, అక్కకి నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

బస్టాపుకి నడిచాం. నేను దారి పొడుగునా వాగుతూనే ఉన్నాను. కంపెనీని తిట్టాను, ఆ అమ్మాయిని తిట్టాను, అంత ప్రేమ ఉంటే నోరు మూసుకుని గౌనులు సర్దుకోవచ్చు కదా అన్నాను. అక్కడ అక్క ఆగింది.

"ఆ పిల్లని ఏమీ అనకు."

"అనక? నీ కుర్చీ పోయింది దానివల్ల!"

"పోయిందిలే" అంది. అని, ఉన్నట్టుండి ఆవిడ గొంతు పెద్దదైపోయింది. ఇంట్లో కూడా ఎప్పుడూ అంత గట్టిగా అరవలేదు. "ఈ వీధిలోనే కదే నేను నించున్నది, అన్నేళ్లు! ఎంతమందికి చూపించాను, ఎంతమందికి నప్పింది ఏరి పెట్టాను, ఎంతమంది పిల్లలకి దగ్గరుండి తొడిగాను! వారం వారం వచ్చే ఆవిడ కూడా మర్నాడు బజార్లో ఎదురైతే, నేను నవ్వితే, ఎవరో అనుకుని పక్కకి తప్పుకునేది. ఒక్కళ్లంటే ఒక్కళ్లు నా మొహం గుర్తుపెట్టుకోలేదు. మోకాళ్లు పోయి ఇంట్లో కూర్చుంటే, ఏమైందని అడిగిన దిక్కు లేదు. అప్పుడు లేదుగానీ, ఇప్పుడా నన్ను గుర్తుపట్టేది?"

బస్టాపులో ఉన్నవాళ్లందరూ తిరిగి ఆవిడ వైపు చూశారు.